మా ఖాళీ సమయం అమ్మబడును

మా తిరువూరు ఆడవాళ్లకు బోలెడంత ఖాళీ ఉందట. బెజవాడ నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చి మైకులో చెప్పేదాకా ఆ సంగతి మాకు తెలియదు. తెల్లవారుజామున అయిదింటికి లేస్తే టిఫిన్లు, క్యారేజీలు, బట్టలు, అత్తగారి మందులు, మామిడికాయ దిగే రోజుల్లో తోటకు అన్నాలు, మళ్లీ రాత్రి అంట్లు. వీటి మధ్య ఎక్కడో చాప కింద నక్కి ఉందట ఆ ఖాళీ. దాన్ని బయటికి లాగి, చేతిపనులు చేసి, ఎగ్జిబిషన్లలో అమ్మితే లాభాలే లాభాలట. "ఇంటి పని ఆగదు, ఇల్లు కదలక్కర్లేదు" అన్నాడు. ఇల్లు కదలకుండా ఎగ్జిబిషన్‌కు ఎలా వెళ్లాలో మాత్రం తరవాతి సదస్సుకు దాచుకున్నాడు.

ఆ అవగాహన సదస్సులో ఆయన బోర్డు మీద వేసిన లెక్క ఇప్పటికీ కళ్లముందే ఉంది. గుమ్మం తోరణం ఒకటి. ఉలన్, పూసలు, చిరుగంటలు కలిపి సరుకు ఖర్చు 110 రూపాయలు. అమ్మకం 450. లాభం 340. "రోజుకు రెండు చెయ్యలేరామ్మా?" అన్నాడు. ఎందుకు చెయ్యలేమని తలలూపాం. నెలకు 60 తోరణాలు, 20,400 లాభం. చప్పట్లు. వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి, "నెలకు అరవై గుమ్మాలు యాడున్నయ్ నాయనా?" అంది. ఆమెకు వ్యాపార దృక్పథం లేదని అందరం జాలిపడ్డాం.

సరుకుకు ఖరీదుంది, తోరణానికి ఖరీదుంది. మధ్యలో కదిలిన పది వేళ్లకు ఆ బోర్డు మీద గడే లేదు. అప్పుడు నేనూ చూసుకోలేదు. చప్పట్లు కొట్టడానికి ఆ వేళ్లే కావాల్సి వచ్చాయి.

తోరణాలతో ఆగితే నేను నేనెందుకవుతాను? పెళ్లి సరుకులోకి దిగాను. ఈ రోజుల్లో పెళ్లికూతురి చేతిలో కొబ్బరిబొండాం బోసిగా ఉంటే రెండు వంశాల పరువూ పోతుంది. దాన్ని తుడిచి, ఆరబెట్టి, బంగారు రంగు పూసి, నడుముకు లేసు చుట్టి, కుందన్లు అగ్గిపుల్ల కొనతో ఒక్కొక్కటే అతకాలి. గ్లూ గన్‌లోంచి జారిన జిగురు బొటనవేలి మీద పడిందంటే చర్మంతో కలిసే ఊడుతుంది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో లేసు జారకుండా పట్టుకోవాలి. లేదంటే బొండాం మీది గణపతి తొండం పక్కకు వెళ్లిపోతుంది. కరెంటు పోకపోతే బొండానికి మూడు గంటలు. తోరణానికి ఏడు. అడ్డుతెర మీద శ్రీరస్తు శుభమస్తు కుట్టి, అంచులు వేసి, చిలకల్ని కూర్చోబెట్టేసరికి పదహారు గంటలు, అంటే నాలుగు రాత్రులు. పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఉండి పక్కకు పోయేదే అడ్డుతెర. దానికి నాలుగు రాత్రులు.

సరే, బెజవాడలో మూడు రోజుల "హస్తకళల మేళా" అన్నారు. పెట్టెలు కట్టుకుని బస్సెక్కాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. నాకు టికెట్ లేదు, పెట్టెలకు ఉంది. న్యాయమే. నా బరువు ప్రభుత్వం మోస్తుంది, నా వ్యాపారం బరువు నేను మోసుకోవాలి.

ఆ దారిలోనే మైలవరం దాటాక కొండపల్లి వస్తుంది. సదస్సులో మాకు చూపించిన ఆదర్శం అదే. "పక్కనే ప్రపంచ ప్రఖ్యాత కొండపల్లి బొమ్మ ఉండగా మీరెందుకు వెనకబడ్డారమ్మా?" అన్నాడాయన. కొండపల్లి బొమ్మ ఖాళీ సమయంలో పుట్టినట్టు! తెల్లపొణికి కర్ర తెచ్చి, చెమ్మ పోయేదాకా సెగన ఆరబెట్టి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి, సున్నం పూసి, అది ఆరాక రంగులు దిద్దుతారు. తాతలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకునే ఆర్యక్షత్రియ కుటుంబాలు తరాలుగా చేస్తున్న పని అది. మగవాళ్లు చెక్కుతుంటే ఆడవాళ్లు రంగులేస్తారు. ఇంటిల్లిపాదికీ పొద్దస్తమానం అదే పని. ఇంతా చేసి చెట్టు దొరకడం కష్టమైంది, పిల్లలు వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు. ఆ పేరుకు జీఐ ముద్ర ఉంది. ముద్ర పేరుకు కాపలా కాస్తుంది. బేరమాడేవాడి నోటికి కాపలా ఎవరూ లేరు.

పొగడ్తలకు లోటు లేదు లెండి. 2020 ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రిగారు బొమ్మల ఊళ్లను తలుచుకుంటూ కొండపల్లి పేరెత్తారు. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు మాత్రం బీఐఎస్ ముద్ర లేని బొమ్మ అమ్మకూడదంది. కొండపల్లి అంబారీ ఏనుగు ప్లాస్టిక్ తుపాకీ కాదని ఢిల్లీకి గుర్తొచ్చి, పేరు నమోదైన హస్తకళాకారులకూ జీఐ బొమ్మలకూ మినహాయింపు ఇచ్చేసరికి డిసెంబరు వచ్చింది.

మేళాలో మా స్టాల్ ఆరడుగులు. అద్దె మూడు రోజులకు 4,500. బల్లకు, లైటుకు విడిగా 600. లైటు వెయ్యకపోతే మీ ఇష్టమన్నారు. జనం వచ్చేదే దీపాలు పెట్టాక. నా పక్క స్టాల్ మీద నాదానికన్నా మూడింతల బ్యానరు, "నూటికి నూరు శాతం హ్యాండ్‌మేడ్". లోపల తోరణాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలత, ఒకే ముడి, ఒక్కో కట్టకు డజను. "ఇవన్నీ చేత్తోనే చేశారా అన్నా?" అని అడిగాను. "చేత్తోనే దించుకున్నామమ్మా, లారీ నుంచి" అన్నాడు. ఆ మూడు రోజుల్లో నాతో నిజం చెప్పిన వ్యాపారి ఆయనొక్కడే. నేను 450 అన్న తోరణం ఆయన దగ్గర 150. జనం రెండూ పట్టుకు చూసి, "మీవి కొంచెం వంకరగా ఉన్నాయేంటండీ?" అని నన్నడిగారు.

కొనేవాళ్ల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. ఫోన్ తీసి నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, "మా పాప యూట్యూబ్‌లో చూసి చేసేస్తుందిలే" అని మా ముందే చెప్పేవాళ్లు ఒక జాతి. డాలస్ నుంచి సెలవులకు వచ్చినావిడ ఒకరు, "మా దగ్గర ఇదే నలభై డాలర్లండీ, ఎంత చవగ్గా ఇస్తున్నారో!" అని మురిసిపోయింది. మురిసిపోయి యాభై తగ్గించమంది. ఇక నన్ను గెలిచింది మాత్రం ఓ పెద్దావిడ.

"లాస్ట్ ఎంతకిస్తావమ్మా?"

"ఏడు గంటల పనండీ. 430 ఇవ్వండి."

"ఇంట్లో కూర్చుని చేసేదేగా! 300 చేసుకో."

బేరం తెగేసరికి పావుగంట పట్టింది, నాలుగొందల దగ్గర తెగింది. మనవడు పీచుమిఠాయి అన్నాడు. ఆవిడ తలైనా తిప్పకుండా అరవై ఇచ్చి కొనిపెట్టింది. పంచదారా గాలీ కలిసిన దానికి లాస్ట్ ఎంత అని అడగలేదు. మిషన్ తిరుగుతోంది కదా, మిషన్ అంటే మనవాళ్లకు గౌరవం.

ఎగ్జిబిషన్ అంటే హైదరాబాద్ నాంపల్లిలో నుమాయిష్ ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టింది. దాని మీద వచ్చే డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం అందులో ఒకటి. మా మేళా నిర్వాహకుడూ విద్యాభిమానే. మా అద్దెలతో సొంత కొడుకును చదివిస్తున్నాడు. మొదటి రోజు రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి నా బొండాం చేతిలోకి తీసుకుని, మహిళా సాధికారత అని, ఫొటో దిగి, బొండాం తీసుకునే వెళ్లిపోయాడు. వెనకాల వచ్చినాయన "శాంపిల్ కింద రాసుకోమ్మా" అన్నాడు. నాకు ఏ ఖాతాలో రాసుకోవాలో తోచక, సాధికారత కింద రాసుకున్నాను.

ఇంటికొచ్చి లెక్క చూశాను. తోరణాలు 14, నాలుగొందల చొప్పున 5,600. బొండాలు 12, మూడొందల చొప్పున 3,600. అడ్డుతెరలు రెండు, 3,200. మొత్తం 12,400. సరుకుకు 3,500. అద్దె, లైటు, బల్ల, లగేజీ, ఆటోలు, పిన్నిగారింట్లో దిగినందుకు పట్టుకెళ్లిన స్వీట్లు, అన్నీ కలిపి 6,100. మిగిలింది 2,800.

"చూశావా, 2,800 లాభం!" అన్నాడు మా ఆయన. నేను వెనక పేజీ తిప్పాను. అమ్ముడైన వాటికి పట్టిన గంటలు 166. స్టాల్లో కూర్చున్నవి 36. రెండొందల రెండు గంటలు, రోజుకు ఎనిమిది చొప్పున పాతిక రోజులు. రోజుకు 112 రూపాయలు. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి 307. మట్టి తవ్విన వాళ్లకు నాకు వచ్చిన దానికి రెండు రెట్లకు పైనే. పైగా వాళ్లను ఎవరూ పారిశ్రామికవేత్తలని పిలిచి అవమానించరు.

"నీ గంటలు కూడా లెక్కేస్తే ఏ వ్యాపారం నిలబడుతుందే?" అన్నాడాయన. ఆలోచిస్తే నిజమే. ఈయన పాతిక రోజులు తిన్న భోజనాల్లో వండిన గంటలు లెక్కేస్తే ఈ ఇల్లు కూడా నిలబడదు. ఆ పేజీ ఇంకా తెరవలేదు, అవసరానికి ఉంటుందని అట్టిపెట్టాను.

మొన్న బోర్డు మీద లెక్క వేసినాయన ఫోన్ చేశాడు. పక్క మండలంలో సదస్సట. ఒక విజయగాథ కావాలట.

"మీరొచ్చి అరగంట మాట్లాడాలి మేడమ్. బెజవాడ దాకా వెళ్లి స్టాల్ పెట్టారంటే మాటలా!"

"గౌరవ వేతనం ఏమన్నా ఉందాండీ?"

"అయ్యో, మీకు ఖాళీ ఉన్నప్పుడే లెండి. శాలువా కప్పుతాం. కొండపల్లి బొమ్మ ఇస్తాం."

"ఏ బొమ్మండీ?"

"అంబారీ ఏనుగు. పాతిక తీసుకున్నాం మేడమ్. గట్టిగా బేరమాడితే సగానికిచ్చాడు."