కామరూపికి తత్కాల్ చార్జీ

మా బావమరిది ఆడిటర్. ఈ ఒక్క వాక్యంతోనే కథ అర్థమైపోయినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగిలినవాళ్ళకు వివరంగా చెబుతాను.

కూకట్‌పల్లిలో మా ఇంట్లో నెలకు రెండు ఆదివారాలు భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీంచి కంచాలు తీసేసి పాచికలు పెడతాం. బోర్డు ఉండదు, పేకముక్కలుండవు. ఒక్కొక్కరి ముందు ఒక కాగితం, దాని మీద ఒక సూపర్‌హీరో: బలమెంత, ఎగరగలడా, ఎన్ని దెబ్బలకు ఆగుతాడు. నేను గేమ్ మాస్టర్‌ని. అంటే విలన్నీ నేనే, పోలీసునీ నేనే, కూలిపోతున్న వంతెననీ నేనే. "బ్యాంకులోంచి పొగ వస్తోంది, ఏం చేస్తారు?" అని నేనడుగుతాను. ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. మా అత్తయ్యగారు మొదటిరోజు కాసేపు చూసి, "ముగ్గురు కూర్చుని ఒకడితో అబద్ధాలాడుతున్నారు" అని వెళ్ళి పడుకున్నారు. ఈ ఆటకు ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నేను ఏ రూల్‌బుక్‌లోనూ చూడలేదు.

మా ఆవిడ హీరో పేరు ఇనుపపిడికిలి. శక్తి ఒక్కటే, గట్టిగా కొట్టడం. ఆవిడ వంతు పది సెకన్లు. ఎదురు ఫ్లాట్ ఇంజనీరింగ్ కుర్రాడి హీరో ఎగురుతాడు, నిప్పు కక్కుతాడు. అరనిమిషం. మా బావమరిది మాత్రం మొదటిరోజే "బావా, నేను కామరూపిని" అన్నాడు. నాకు ముచ్చటేసింది. మారీచుడి దగ్గర్నుంచి మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య కదా అనుకున్నాను.

"ఏ రూపం ఎత్తుతావు?"

"ఏదైనా."

ఆ మూడక్షరాలకు ధర కట్టలేకే అమెరికాలో ఈ ఆటలు రాసేవాళ్ళు నలభై ఏళ్ళుగా తల పట్టుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది.

కామిక్స్‌లో ఈ బాధ లేదు. 1941లో జాక్ కోల్ పుట్టించిన ప్లాస్టిక్ మ్యాన్ ఏ వస్తువుగా మారినా ఒంటిమీది ఎరుపు, పసుపు రంగులు పట్టిచ్చేస్తాయి. 1965 నాటి బీస్ట్ బాయ్ ఏ జంతువైనా అవుతాడు కానీ ఆకుపచ్చగానే ఉంటాడు. పచ్చ ఏనుగు వీధిలో నడుస్తుంటే సంగతేమిటో చంటిపిల్లలకు కూడా తెలుస్తుంది. 1978లో వచ్చిన మిస్టిక్ ఎవరిలాగైనా కనిపిస్తుంది, వాళ్ళ శక్తులు మాత్రం రావు. ప్రతివాళ్ళకూ ఓ ముకుతాడు ఉంది, దాన్ని పట్టుకోవడానికి ఒక రచయిత ఉన్నాడు. ఎనిమిదో పేజీలో పాము కావాలో పావురం కావాలో ఆయన ముందే అనుకుని ఉంటాడు. మా టేబుల్ దగ్గర ఆ రచయిత మా బావమరిదే.

ముందు ఛాంపియన్స్ తీశాను. 1981లో వచ్చిన ఆట. చేతికిచ్చిన పాయింట్లతో శక్తుల్ని కొనుక్కోవాలి. తర్వాతి కూర్పుల్లో మల్టీఫామ్ అనే శక్తి ఉంటుంది. ఇంకో రూపం కావాలంటే ఆ రూపం మొత్తం విలువలో అయిదోవంతు కడితే చాలు. రూపాల సంఖ్య రెట్టింపు కావాలంటే మరో 5 పాయింట్లు. ఇది చదివినప్పుడు మావాడి మొహంలో కనిపించిన వెలుగు పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. క్యాలిక్యులేటర్ తీశాడు.

"బావా, 350 పాయింట్ల రూపానికి 70. ఇంకో 5 కడితే రెండు రూపాలు, 10కి నాలుగు, 15కి ఎనిమిది. 50 కడితే 1024. మొత్తం 120 పాయింట్లకు 1024 సూపర్‌హీరోలు!"

లెక్క తప్పు లేదు. ఆడిటర్ కదా. "మరి ఒక్కో రూపానికీ ఒక్కో కాగితం పూర్తిగా రాయాలి. ఆ 1024 కాగితాలు ఎవరు రాస్తారురా?" అన్నాను.

"గేమ్ మాస్టర్‌వి నువ్వే కదా బావా."

ఆ పుస్తకం మళ్ళీ అటక ఎక్కింది.

తర్వాత స్టీవ్ కెన్సన్ రాసిన మ్యూటంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌కు మారాం. 2002లో మొదటి కూర్పు వచ్చింది, మేం ఆడేది మూడోది. ఇరవై ముఖాల పాచిక ఒక్కటుంటే చాలు, మామూలు హీరోకి 150 పాయింట్లు. ఇందులో రూపం మార్చడాన్ని రెండు ముక్కలు చేశారు. మార్ఫ్ అనేది ఒకటి. 20 పాయింట్లు కడితే ఎవరిలాగైనా, దేనిలాగైనా కనిపించవచ్చు. ఎదుటివాళ్ళను నమ్మించడానికి పాచిక వేసినప్పుడు 20 కలుస్తుంది. మారేది పైరూపమే, లోపలి సరుకు పాతదే.

ఇది కుర్రాడికి అర్థం కాలేదు. "అంకుల్, అప్పుడు ఉపయోగమేంటి?" అన్నాడు. మాయాబజార్ చూడలేదట. ఆట ఆపి, 1957 సినిమాను ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట ఆపాను. "చూశావా? చూడ్డానికి శశిరేఖ. కాలికింద బలం మాత్రం రాక్షసుడిది. అదీ మార్ఫ్ అంటే." ఛాంపియన్స్ మల్టీఫామ్ అయితే రూపంతోపాటు బలం కూడా శశిరేఖదే వచ్చేది, లక్ష్మణకుమారుడు వేసిన రేలంగి కాలు బతికిపోయేది, సినిమా మునిగేది. ఇంత తేలిగ్గా ఏ రూల్‌బుక్‌ రాస్తుంది చెప్పండి? కాకపోతే ఎస్వీ రంగారావు పాత్రను తనలో పెట్టుకుని సావిత్రి నడిచిన ఆ నడకకు ఎన్ని పాయింట్లు వెయ్యాలో మాత్రం మాకు తేలలేదు.

రెండోది వేరియబుల్. ఏ శక్తి కావాలంటే ఆ శక్తిని అప్పటికప్పుడు తయారుచేసుకోవడం. దీనికి ర్యాంకుకు 7 పాయింట్లు కడితే చేతికొచ్చేది 5 పాయింట్ల సరుకు. మావాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కడ 1 కడితే 5 ఇచ్చారు. ఇక్కడ 7 కడితే 5 ఇస్తారా? ఇదేం వ్యాపారం బావా?"

నేనూ కాసేపు ఆలోచించాను. విజయవాడ టికెట్ గుర్తొచ్చింది. నెల ముందు తీసుకుంటే ఒక రేటు, రేపు పొద్దున వెళ్ళాలంటే తత్కాల్. రైలు అదే, బెర్తూ అదే. ముందే రాసి పెట్టుకున్న రూపం చవక, "ఆగండి, ఏమవ్వాలో ఆలోచిస్తున్నా" అనే రూపం ఖరీదు. మావాడు ఆ 7 పాయింట్లూ కట్టాడు. తత్కాల్ వాడేవాళ్ళు ధర చూడరు.

ఇక ఆట. విలన్ బ్యాంకు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మావాడి వంతు. "ఈగనై వాడి ముక్కులో దూరతా. లోపల ఏనుగునవుతా."

గేమ్ మాస్టర్లందరూ జీవితంలో ఒకసారైనా వినే వాక్యం ఇది. కుదరదన్నాను. ఆడిటర్లకు పూర్వ తీర్పులంటే ప్రాణం. "సుందరకాండలో హనుమంతుడు చిన్నరూపంతో సింహిక నోట్లో దూరి లోపల్నుంచి చీల్చలేదా?" అన్నాడు. "సురస నోట్లోనూ దూరాడు, మర్యాదగా బయటికొచ్చి దణ్ణం పెట్టాడు" అన్నాను. అరగంట వాదన. చివరికి రూల్‌బుక్కే కాపాడింది. మా స్థాయి హీరోకి దాడి బోనస్, దెబ్బ ర్యాంకు కలిపి 20 దాటకూడదు. ముక్కులో ఏనుగయినా, ముక్కు బయట ఏనుగయినా, దెబ్బ ఎంత కొన్నావో అంతే తగులుతుంది. ఏనుగు వర్ణన మాత్రమే.

"అయితే సింహం. కాదు, డేగ. డేగకు చూపు ఎంతుంటుంది బావా? ఎగిరే వేగం ఏ పేజీలో ఉంది?"

మహిషాసురుడు గుర్తొచ్చాడు. దేవి పాశం వేస్తే సింహమయ్యాడు, తల నరకబోతే కత్తి పట్టిన మనిషయ్యాడు, ఆ తర్వాత ఏనుగు, మళ్ళీ దున్నపోతు. పురాణం చదువుతుంటే గొప్పగా ఉంటుంది కానీ గేమ్ మాస్టర్ కళ్ళతో చూస్తే, రూపం మార్చడానికే వంతులన్నీ ఖర్చుపెట్టి ఓడిపోయాడాయన.

ఈలోగా వంటింట్లోంచి శనగపిండి వాసన వచ్చింది. చూస్తే మా ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. మా కామరూపి పేజీలు తిప్పుతున్నంతసేపట్లో ఆవిడ పిండి కలిపి, రెండు వాయిలు మిర్చిబజ్జీ వేసి, పళ్ళెం తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ఏమండీ, నా వంతు వచ్చిందా?" అంది. రాలేదన్నాను. తమ్ముడి వైపు చూసి, "ఒరేయ్, నువ్వు ఏమైనా అవ్వు, ముందు త్వరగా అవ్వు" అని మూడో వాయికి వెళ్ళింది.

ఈ అన్ని పుస్తకాల్లోనూ పాయింట్లకు లెక్క ఉంది, మూడో వాయికి లేదు. అసలు ధర కడుతున్నది మావాడు కాదు, పక్కన కూర్చున్నవాళ్ళు. ఆ సాయంత్రమే కొత్త నియమం పెట్టాను. పాత శుభలేఖలు కత్తిరించి ఆరు ముక్కలు చేశాను. ఒక్కో ముక్క వెనక ఒక్కో రూపం అంకెలతో సహా రాసి తేవాలి. ముక్క మీద లేని రూపం లోకంలోనే లేదు. "ఇది ఏకపక్షం బావా, అప్పీలుకు వెళ్తా" అన్నాడు. అప్పీలు వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళింది, బజ్జీల గరిటె తిరగేసి కొట్టివేశారు.

అయిదు ముక్కలు నింపాడు: డేగ, ఖడ్గమృగం, ఆక్టోపస్, ఈగ, వాళ్ళ బాస్. ఆరోది రెండు నెలలుగా ఖాళీగానే ఉంది. అడిగితే "ఏదైనా" అని రాయడానికి చోటు చాలదా అంటాడు.

వచ్చే ఆదివారం ఆట ఉంది, ఒక కుర్చీ ఖాళీ. కూకట్‌పల్లి దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా రావచ్చు. పాచికలు మేమిస్తాం, బజ్జీలు ఎలాగూ ఉంటాయి. పుట్టిన రూపంతోనే ఉండేవాళ్ళకు ప్రాధాన్యం.