ఆరింటి బండికి మూడింటి మావయ్య

ప్రతి ఇంట్లోనూ ఓ కంగారు మావయ్య ఉంటాడు. మా మావయ్య రాజమండ్రిలో ఓ పెళ్ళికి వెళ్ళాలి. ఆయనతో ప్రయాణం ఎలా ఉంటుందో ముప్ఫయ్యేళ్ళుగా తెలిసిన అత్తయ్య, రెండు రోజుల ముందే ఒక్కతే వెళ్ళిపోయింది. మావయ్య బెజవాడలో మా ఇంట్లో దిగాడు.

బండి పొద్దున ఆరింటికి. స్టేషను ఆటోలో పది నిమిషాలు. మూడింటికే లైట్లన్నీ వెలిగాయి. "ఒరేయ్, లే! చెల్లీ, నా కళ్ళజోడేదే? టిక్కెట్టు ఎక్కడ పెట్టాను? ఆటోవాడికి చెప్పారా?" అన్నీ ఒకే ఊపిరిలో. జవాబు చెప్పేలోగా మళ్ళీ మొదటి ప్రశ్న.

"కళ్ళజోడు నెత్తి మీదే ఉంది కదన్నయ్యా" అంది అమ్మ.

ఆయన్నని లాభం లేదు. తప్పంతా మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులది. ఒక్కోటీ తూగేది అయిదు గ్రాములకి అటూ ఇటూ. పెత్తనం మాత్రం ఒళ్ళంతా. మెదడు "అపాయం" అనడమే తడవు, నాడులు వాటికి కబురు మోస్తాయి. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదుల్తాయి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమరుస్తాయి. పొట్టకి వెళ్ళే రక్తం కండరాలకి మళ్ళుతుంది. అందుకే అమ్మ పెట్టిన ఉప్మా మావయ్య గొంతు దిగలేదు. కుక్క మొరిగితే బెదిరిన పిల్లి రక్తంలోకి ఈ అడ్రినలిన్ వస్తుందని హార్వర్డులో వాల్టర్ క్యానన్ 1911లోనే చూపించాడు. పాపం, ఆ పిల్లికి ఎదురుగా నిజంగానే కుక్క ఉంది. మావయ్యకి రైల్వే టైంటేబులు చాలు.

ఆ తర్వాత అదే హార్వర్డులో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో కండరాల్లోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశాడు. కండరం కదలాలంటే ఖర్చయ్యేది అదే. పులి తరిమినప్పుడు పరిగెత్తడానికి పనికొచ్చే ఆ సరుకునంతా మావయ్య గేటుకీ గుమ్మానికీ మధ్య తిరగడంలోనే తగలేశాడు. మధ్యలో బాత్రూముకి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు.

నాలుగున్నరకి ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. అయిదున్నరకి మైకులో చెప్పారు: బండి గంటన్నర లేటు.

అడ్రినలిన్ రక్తంలో నిమిషాల మీద కరిగిపోయే సరుకు. దాని వెనకాల నింపాదిగా దిగే కార్టిసాల్ అనే హార్మోను అలా కాదు, పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఓ పట్టాన కదలదు. మావయ్యకి పరిగెత్తి ఎక్కడానికి బండి లేదు, పోట్లాడ్డానికి పులి లేదు. ఎదురుగా ఉన్నవాడు ఇడ్లీల కుర్రాడు. రెండు రూపాయల చిల్లర దగ్గర వాడి మీద విరుచుకుపడ్డాడు. వాడు నెమ్మదిగా, "బాబుగారికి బీపీ అనుకుంటా, ఇంకో ఇడ్లీ ఎయ్యమంటారా?" అన్నాడు. రోజుకి వంద మంది కంగారు మావయ్యల్ని చూసేవాడు మరి.

ఏడున్నరకి బండొచ్చింది. ఎక్కించాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇల్లు తాళం వేశావా?" అన్నాడు. ఇంట్లో అమ్మ ఉందని చెప్పేలోగా బండి కదిలింది.

తరవాతి కథ ఆయనే చెప్పాడు. సీటు దొరికింది, బండి కదిలింది, ఇక భయమేమిటని మెదడు పగ్గాలు వదిలేసింది. ఇలాంటప్పుడు వేగస్ నాడి పని అందుకుంటుంది. గుండెని నెమ్మది చేస్తుంది, పొట్టని పనిలో పెడుతుంది. ఏలూరులో మావయ్యకి ఆకలేసింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర మొత్తం ఖాళీ చేశాడు. తాడేపల్లిగూడెం రాకముందే గురక. గోదావరి వంతెన మీద బండి అంత మోత మోగినా మెలకువ రాలేదు.

మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"ఒరేయ్, సామర్లకోటలో ఉన్నాన్రా."

"అయ్యో! మరి వెనక్కి బండి ఎప్పుడు మావయ్యా?"

"మూడు గంటలుందట." గొంతులో ఆవగింజంత కంగారు లేదు. "అయినా మనకేం భయంరా, స్టేషన్లోనే ఉన్నాంగా!"