ఆత్మీయ సమ్మేళన సందేశానికి టీకాతాత్పర్యం

అవతారిక

మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవి వాక్కును లేపడానికే పూనుకున్నానన్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. నాకా సౌకర్యాలు లేవు. నాకు దొరికిన మూలం నిక్షేపంగా ఉంది, పొద్దునా సాయంత్రం ఫోనులోకి వస్తూనే ఉంది. దాన్ని కాసేపు మూర్ఛపుచ్చడమే ఈ వ్యాఖ్యకు ప్రయోజనం. కవి ఒకానొక విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంఘ కార్యదర్శి. పేరెందుకు? ఏ సంఘం గుమ్మం తొక్కినా పాఠం ఇదే.

మూలం

“ఖండఖండాంతర ఖ్యాతి గాంచిన పూర్వ విద్యార్థి రత్నములారా! మన ఆత్మీయ సమ్మేళనం వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు ఎల్బీనగర్‌లో అంగరంగ వైభవంగా జరుగును. శతవసంతాల మన చదువులతల్లి ఆణిముత్యాలకు ఘన సన్మానం. అందరూ ఆహ్వానితులే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి.”

టీక

ఖండఖండాంతర, రత్నములారా, ఆత్మీయ: ఇవి సుగమం.

అంగరంగ వైభవంగా: ఇక్కడ ఆగాలి. కాకతీయుల నాటి దాన శాసనాలు తిరగేస్తే, దేవుడి అంగరంగభోగాలకని రాజులూ సామంతులూ వర్తకులూ పొలాలిచ్చారు, చెరువు కింద మళ్లిచ్చారు, గానుగలిచ్చారు, అఖండదీపంలో నెయ్యికని ఆవులిచ్చారు. అంగభోగమంటే స్వామి ఒంటికి జరిగే అభిషేకం, గంధం, పూలు. రంగభోగమంటే రంగమండపంలో జరిగే ఆటాపాటా. ఇలాంటి శాసనాల్లో నాకు ఇష్టమైన భాగం పొలిమేరల వర్ణన. తూర్పున పుట్ట, దక్షిణాన కాలువ, పడమట చింతచెట్టు అంటూ ఇచ్చిన చెక్కకు నాలుగు దిక్కులా ఎల్లలు కట్టి, ఆఖర్న ఈ ధర్మం చెరిపినవాడు ఏమైపోతాడో శాపం పెట్టి మరీ ముగిస్తారు. పుట్టలు పోయాయి, కాలువలు పూడిపోయాయి, రాయి మాత్రం ఉంది... ఎక్కడున్నాం? ఆఁ, ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో. అంగభోగం: శాలువా, గంధపుదండ. రంగభోగం: కరావోకే మైకులో పాత పాటలు. ఇచ్చినదాని ఎల్లలు మాత్రం ఈ శాసనంలో ఎంత వెతికినా కనపడవు. లైబ్రరీకి పుస్తకాలు కొన్నామనో, హాస్టల్ గదికి ఫ్యాను పెట్టించామనో రాసిన సందేశం ఈ కవి నుంచి ఇంతవరకూ రాలేదు.

శతవసంతాల: వసంతాలను ఎక్కణ్ణించి లెక్కపెట్టాలి? ఉస్మానియానే ప్రమాణంగా తీసుకుందాం. విశ్వవిద్యాలయం పెట్టాలని మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడింది 1917 ఏప్రిల్ 26న. స్థాపన సంవత్సరం 1918. తరగతులు మొదలైంది 1919లో. గర్భాధానం నుంచి అని ఒక మతం, జననం నుంచి అని ఇంకొకటి, అక్షరాభ్యాసం నుంచి అని మూడోది. శతాబ్ది ఉత్సవాలు 2017 ఏప్రిల్ 26న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా మొదలయ్యాయి గనక గర్భాధాన పక్షమే సిద్ధాంతమైంది. ఆ సభలో, అదే విశ్వవిద్యాలయంలో తెలుగు ఎమ్మే చదివిన ముఖ్యమంత్రి వేదిక మీద ఉండి కూడా ప్రసంగించలేదు. ఉద్యోగాలేవని క్యాంపస్ అడుగుతున్న రోజులవి. చెప్పిన మాటలోంచి వచ్చే ధ్వనికి ఆనందవర్ధనుడు భేదాలు చూపించాడు, చెప్పని ప్రసంగంలోంచి వచ్చేదానికి మనమే చూసుకోవాలి.

ఆణిముత్యాలకు: ముత్యమంటే ఎవరు? అడోబీ అధిపతిగా పేరుపొందిన శంతను నారాయణ్ ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో చదివాడు. చెప్పుకోవలసిందే. చిక్కల్లా లక్షణంతోనే. కపిలవర్ణం ఉన్నదే ఆవు అంటే నల్లావుకు దొడ్లో చోటుండదు. తార్కికులు దాన్ని అవ్యాప్తి దోషమన్నారు. కార్యదర్శిగారి దొడ్డి సరిగ్గా అలాంటిది. విమానమెక్కినవాడు, కుర్చీ ఎక్కినవాడు, కంపెనీ పెట్టినవాడు మాత్రమే పూర్వ విద్యార్థి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు ఏ సందులోకైనా మళ్లండి. మేడ మీద రీడింగ్ రూము. ప్లైవుడ్ చెక్కలతో గళ్లు, గడికో ట్యూబులైటు, చెక్కకు గుచ్చిన టైంటేబులు, తెలుగు అకాడమీ పుస్తకం మీద మూత సరిగ్గా పట్టని నీళ్ల సీసా. ఆ గడిలో కూర్చున్న అబ్బాయి పీజీ పూర్తిచేసి ఏళ్లయింది. విశ్వవిద్యాలయం లెక్కలో పూర్వ విద్యార్థి, ఊళ్లో అమ్మ లెక్కలో ఇంకా చదువుకుంటున్నవాడు, సంఘం లెక్కలో లేనేలేడు. అతనికీ వార్తా విశేషాలున్నాయి. తెలంగాణ తొలి గ్రూప్-1కు 2022లో 503 పోస్టులతో ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకైందని రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, హైకోర్టు కొట్టేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త ప్రకటన, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. మూడేళ్లూ హాస్టల్ ఫీజు కట్టాడు, వయోపరిమితి లెక్క చూసుకున్నాడు, ఇంటి ఫోను ఎత్తడానికి భయపడ్డాడు. మన సంఘం వార్తల్లో ఇదొక్క వాక్యంగానైనా వచ్చిందా? ఈ ప్రశ్నకు కావ్యశాస్త్రంతో పనిలేదు. శాలువాల డబ్బుతో ఒక సందులో ఒక రీడింగ్ రూముకు అద్దె కట్టవచ్చు.

అందరూ ఆహ్వానితులే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి: ఈ రెండు వాక్యాలకూ అన్వయం కుదరదు. కుదిర్చిన వ్యాఖ్యాతకు భోజనం కూపను ఇస్తారేమో కనుక్కోవాలి.

తాత్పర్యం

డబ్బు కట్టండి, చప్పట్లు కొట్టండి.

పాఠాంతరం

రెండోనాటి ప్రతిలో “ఎల్బీనగర్‌లో” తీసేసి “హైటెక్ సిటీలో” అని దిద్దారు, ముత్యాలకు దూరమవుతోందట. ఇటునుంచి వెళ్లేవాళ్లు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. గడిలో అబ్బాయిని అడిగాను, వస్తావా అని. “ఆదివారం పదింటికి గ్రాండ్ టెస్ట్ ఉంది సార్” అన్నాడు.