ఆర్కాటా మెటారునకు టీకా తాత్పర్యము

మూలము:

మెటార్ కేఏసీవీ 141353జడ్ ఆటో 00000కేటీ 10ఎస్ఎమ్ సీఎల్ఆర్ 11/11 ఏ2992 ఆర్ఎమ్‌కే ఏఓ2 $

అవతారిక: కాలిఫోర్నియా ఉత్తరతీరమున ఆర్కాటా పట్టణ సమీపమందు, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా నౌకాదళము కట్టిన విమానాశ్రయము కలదు. పసిఫిక్ పొగమంచు అచ్చట సమృద్ధి. రన్‌వే ప్రక్కల ఇంధనము మండించి మంచును తరుము ప్రయోగములకు ఆ చోటు ప్రసిద్ధి. నేడచ్చట కంట్రోల్ టవరు లేదు. వాతావరణమును తానే కొలిచి నివేదిక వ్రాయు ఏసాస్ అను యంత్రకవి కలడు. పై వాక్యము ఉదాహరణకై కూర్చినది, శైలి మాత్రమాతనిదే.

ప్రతిపదార్థము: మెటార్ = విమానాశ్రయ వాతావరణ నివేదిక; కేఏసీవీ = ఆర్కాటా; 141353జడ్ = 14వ తేదీ, గ్రీన్‌విచ్ కాలమున 13 గంటల 53 నిమిషములకు (వేసవిలో అచ్చట ఉదయము 6.53); ఆటో = మనుష్యుని చేయి సోకక; 00000కేటీ = గాలి బొత్తిగా లేదు; 10ఎస్ఎమ్ = దృశ్యత 10 మైళ్లు; సీఎల్ఆర్ = 12,000 అడుగుల లోపు మేఘము కానరాదు; 11/11 = ఉష్ణోగ్రత 11, తుషార బిందువు 11 డిగ్రీలు; ఏ2992 = పీడనము 29.92 అంగుళముల పాదరసము; ఆర్ఎమ్‌కే = మరికొన్ని వివరములు; ఏఓ2 = వానకును హిమపాతమునకును భేదమెరిగిన యంత్రము; $ = దీనిని గూర్చి ముందు చెప్పబడును.

శంక: 10 మైళ్లు కనబడుచున్నదనియు, ఆకాశము నిర్మలమనియు చెప్పగా, రన్‌వే ఒక కొసను మంచు కమ్మియుండుటేమి? కవి అసత్యమాడెనా?

సమాధానము: లేదు. మేఘముల ఎత్తు కొలుచు లేజరు నిట్టనిలువుగా పైకే పోవును. తన నెత్తిన లేని మేఘము దానికి లేనట్లే. దృశ్యతను కొలుచు పరికరమును మైళ్ల దూరము చూడదు. తన రెండు చేతుల నడుమ గాలిలో వెలుగెంత చెదరునో కొలిచి, మైళ్లలో చెప్పును. ఇది ఒక్క మెతుకు పట్టి కుండెడు అన్నము ఉడికెనని చెప్పు స్థాలీపులాక న్యాయము. అయితే ఆ న్యాయము కుండలో అన్నమునకు చెల్లును గాని సముద్రతీరపు మంచునకు చెల్లదు. అది ఒకమూల ఉడికి, మరియొకమూల ఉడకదు.

విశేషము: 11/11 ఈ వాక్యమునకు ప్రాణము. ఉష్ణోగ్రత తుషార బిందువును తాకినది, గాలి నిశ్చలము. మంచు కట్టుటకు ముహూర్తము కుదిరినది. కొత్త పైలట్ 10ఎస్ఎమ్ చూచి సంతసించును. పాత పైలట్ 11/11 చూచి, మరియొక విమానాశ్రయము చేరుటకు ఇంధనము చాలునా యని లెక్క వేయును.

పాఠాంతరము: యంత్రము రేడియోలోను చదువును; ఆ పాఠము నిమిష నిమిషమునకు మారును. లిఖితపాఠమున గాలి దిశ యథార్థ ఉత్తరమును బట్టి, శ్రవణపాఠమున అయస్కాంత ఉత్తరమును బట్టి యుండును. ఇచ్చట గాలియే లేనందున పండితులకు వివాదము తప్పినది.

$: ధనసూచకము కాదు. నాకు మరమ్మతు అవసరము కావచ్చునని యంత్రము తానే పెట్టు గుర్తు. తప్పులు సైరింపుడని పూర్వకవులు అవతారికలో పద్యములు వ్రాసిరి. ఈతడు గ్రంథాంతమున ఒక్క గుర్తుతో సరిపెట్టెను.

తాత్పర్యము: ఓ పైలటూ! నేనున్న చోట గాలి లేదు, నా నెత్తిన మేఘము లేదు, నా చేతుల నడుమ మంచు లేదు. తేమ మాత్రము నిండినది. నాకు తల త్రిప్పుట రాదు, నీకు వచ్చును. దిగవచ్చునా యని నన్నడుగక, నా మాట విని, కిటికీలోనుండి చూచి, నీవే నిర్ణయించుకొనుము.