ఒక తెల్లపెట్టె కథ

వాతావరణ కేంద్రం ఆవరణలో నాలుగు కాళ్లపై నిలబడి, నలువైపులా వాలుగా అమర్చిన పలకల సందుల్లోంచి గాలిని లోనికి రానిస్తూ, ఎండను మాత్రం అడ్డుకొనే తెల్లని చెక్కపెట్టెను స్టీవెన్‌సన్ పెట్టె అంటారు. ఇది తూర్పు తీరంలోని ఒక నగరంలో దశాబ్దాల తరబడి కొలువు చేసిన అటువంటి పెట్టె కథ. 19వ శతాబ్దంలో ఈ జాతి పెట్టెలకు రూపమిచ్చిన థామస్ స్టీవెన్‌సన్ స్కాట్లండులో దీపస్తంభాలు కట్టిన ఇంజినీరు.

ఈ పెట్టెకు కొలువు మీద గర్వం ఉంది. తలుపు తెరిచినప్పుడు నేరుగా ఎండ పడకుండా దానిని ఉత్తరముఖంగా నిలబెట్టారు. లోపలి నాలుగు థర్మామీటర్లలో గరిష్ఠ ఉష్ణోగ్రతను చూపే దాని గొట్టంలో ఒకచోట సన్నని నొక్కు ఉంటుంది. ఆ నొక్కు దాటి పైకెక్కిన పాదరసం గాలి చల్లబడినా వెనక్కు దిగదు కనుక, ఎవరూ చూడని మిట్టమధ్యాహ్నపు వేడి సైతం సాయంత్రం పరిశీలకుడు వచ్చేవరకు భద్రంగా ఉండేది.

అయితే ఏ పెట్టె అయినా చెప్పగలిగేది తాను నిలిచిన చోటి గాలి సంగతే తప్ప నగరమంతటి సంగతి కాదు. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడం వల్ల నీటి మీది చల్లని గాలి ఒడ్డు వైపు వీస్తుంది; ఈ సముద్రపు గాలి ముందుగా తాకిన చోట ఎండ తీవ్రత తగ్గుతుంది, లోపలికి పోయేకొద్దీ దాని బలం సన్నగిల్లుతుంది. విశాఖపట్నంలో వాల్తేరు కేంద్రం సముద్రానికి చేరువగా ఉండగా, విమానాశ్రయ కేంద్రం యారాడ కొండలకు ఇవతల లోపలి వైపున ఉంది. అందుకే వేసవి మధ్యాహ్నాల్లో ఒకే ఊరి పేరుతో రెండు గరిష్ఠ ఉష్ణోగ్రతలు నమోదై, సాధారణంగా విమానాశ్రయపు అంకె ఎక్కువగా ఉంటుంది. చెన్నైలో నుంగంబాకం, మీనంబాకం కేంద్రాల మధ్యా ఇటువంటి తేడాయే కనబడుతుంది.

ఈ తేడా మనుషుల ప్రాణాలకు సంబంధించినది, ఎందుకంటే వడగాడ్పును గుర్తించేది ఈ అంకెలతోనే. భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం తీరప్రాంత కేంద్రంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలకు చేరి, అది సాధారణ స్థాయిని, అంటే అదే కేంద్రపు 30 ఏళ్ల సగటును, 4.5 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువగా మించితే వడగాడ్పుగా లెక్కిస్తారు. కేంద్రాన్ని ఒడ్డు నుంచి లోపలికి మార్చి పాత సగటుతోనే పోల్చితే, వాతావరణం మారకున్నా ఊరు వేడెక్కినట్లు కనబడుతుంది. లోపలి నుంచి ఒడ్డుకు మార్చితే నిజంగా పెరిగిన వేడి కూడా మరుగున పడుతుంది.

ఈ పెట్టెను ఎక్కడికీ మార్చలేదు, కాని దాని చుట్టూ ఉన్న చోటే మారిపోయింది. కాళ్ల కింది పచ్చిక తీసి సిమెంటు పరిచారు. తూర్పున లేచిన భవనం సముద్రపు గాలిని ఆపి, పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కడం వల్ల కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా పెరిగింది. కొన్ని అడుగుల దూరంలో బిగించిన ఏసీ యంత్రం వేడిగాలిని ఇటే వదిలేది. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడి నల్లబడిన పలకలు ఎండను పీల్చుకోసాగాయి. తెల్లరంగు మళ్లీ వేయాలని ఏ ఏడాదీ ఎవరికీ తోచలేదు. గాలిలో తేమను కొలవడానికి వాడే తడి థర్మామీటరు బల్బుకు చుట్టిన గుడ్డ దుమ్ము పట్టి ఎండిపోయినా, ఆ తప్పు అంకెనే పుస్తకంలో ఎక్కించారు. నిజం చెప్పడానికే పుట్టినదాని నోట అబద్ధం పలికించడాన్ని మించిన అవమానం దానికి లేదు.

చివరకు స్వయంచాలిత కేంద్రం వచ్చింది. పాదరసపు థర్మామీటర్లను తీసుకుపోయారు, తలుపు ఊడిన పెట్టెను గోడవార పడవేశారు. కొత్త యంత్రం మీద దానికి ఈర్ష్య లేదు. కాని రెండింటినీ పక్కపక్కన కొంతకాలం నడిపి తేడా రాసుకోకపోవడం వల్ల, దశాబ్దాల అంకెలకూ రేపటి అంకెలకూ మధ్య వంతెన లేకుండా పోయింది.

కేంద్రాన్ని మార్చక తప్పనప్పుడు పాతదానినీ కొత్తదానినీ కనీసం ఒక ఏడాది కలిపి నడపాలి. చోటు, తేదీ, చుట్టూ వచ్చిన ప్రతి మార్పు పుస్తకంలో రాయాలి. నగరంలో రికార్డు ఎండ అన్న వార్త చదివేవారు కూడా, ఆ అంకెను నమ్మే ముందు, అది ఎక్కడ కొలిచినదో తప్పక అడగాలి.