యూజర్ నట్టనడుమ, రోగి గుమ్మం బయట

షుగర్ యాప్ తయారుచేసే ఏ కంపెనీ ప్రెజెంటేషన్ చూసినా ఎక్కడో ఒకచోట ఓ గుండ్రం ఉంటుంది. దాని నట్టనడుమ 'యూజర్' అని రాసి ఉంటుంది. చుట్టూ బాణాలు. ఆ బాణాల మీద ఇన్సూరెన్సు, ల్యాబు, మందుల డెలివరీ, ప్రీమియం ప్లాను అన్న పేర్లు చదివితే ఆయన్ని మధ్యలో ఎందుకు నిలబెట్టారో అర్థమవుతుంది. ఎటూ పారిపోకుండా!

ఆ నిలబడ్డాయన పేరు సాధారణంగా రాహుల్. వయసు 34, మకాం బెంగళూరు. పొద్దున్నే పరుగెత్తుతాడు, ఓట్స్ తింటాడు, చేతికి స్మార్ట్ వాచీ. ఇంత బుద్ధిమంతుడికి షుగర్ ఎందుకొచ్చిందో మాత్రం స్లైడులో రాయరు.

దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్లు దాటారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. వాళ్ళలో మందుల షాపు ముందు నలిగిన చీటీ పట్టుకుని నిలబడే అమ్మలూ తాతలూ ఉన్నారు. ఒక కంట శుక్లం, వేళ్ళ చివర తిమ్మిరి. జబ్బు ముదిరితే నరాలూ కంటి రెటీనా దెబ్బతింటాయని యాప్ వాళ్ళకి తెలియక కాదు. ఆ హెచ్చరిక కూడా లోపల ఒక పేజీలో పెడతారు, తెల్లటి తెర మీద లేత బూడిదరంగు చీమతలకాయ అక్షరాల్లో. చూపు జాగ్రత్త అని చెప్పడానికి ఇంతకన్నా సొగసైన పద్ధతి లేదు.

ఇక భోజనం నమోదు చెయ్యాలి. జాబితాలో కినోవా సలాడ్ ఉంది, అవకాడో టోస్టు ఉంది, రాగి సంకటి లేదు. అన్నం ఉందిగాని కప్పుల లెక్కన. మనిళ్ళలో అన్నం హస్తంతో వడ్డిస్తారు. అందులోనూ "చాలు, చాలు" అన్నాక పడే హస్తం ఒకటుంటుంది. షుగర్ పెంచేది అదే. దాన్ని ఏ గడిలో రాయాలో ఇంతవరకూ ఏ డిజైనరూ చెప్పలేదు.

మొహాల బొమ్మల సంగతి మరీ రమ్యం. తిన్న రెండు గంటలకి 179 వస్తే నవ్వు మొహం, 181 వస్తే ఏడుపు మొహం. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకి ఐఎస్ఓ 15197 ప్రమాణం ఇచ్చిన వెసులుబాటే 100 పైన అటూ ఇటూ 15 శాతం. అంటే అసలు 180 ఉన్నవాడికి మీటరు 153 చూపినా, 207 చూపినా తప్పుపట్టనక్కర్లేదు. యాప్ మాత్రం ఒక్క అంకెకి ముసలాయన్ని ఏడిపిస్తుంది. పైగా వారం రోజులు వరసగా వేలు గుచ్చుకుంటే బ్యాడ్జి. ఇన్సులిన్ వాడనివాళ్ళలో, షుగర్ నిలకడగా ఉంటే, చాలామందికి రోజూ గుచ్చుకునే పనే ఉండదు. బ్యాడ్జి ఉచితం, స్ట్రిప్పుల ఖర్చు మీది.

ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అని అడుగుతుంది, ఏ సిరంజితో అని అడగదు. మన దేశంలో మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలున్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి మొదటిదానికి, నారింజ మూతది రెండోదానికి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర రెట్లు. ఈ ముక్క చెప్పడానికి ఒక్క బొమ్మ చాలు. కానీ హోమ్ పేజీలో ఆ జాగా యోగా చేస్తున్న రాహుల్‌కి కేటాయించారు.

అసలు పరీక్ష అర్ధరాత్రి. గ్లిమిపిరైడ్ బిళ్ల వేసుకుని, ఆకలి లేదని రాత్రి భోజనం మానేసిన ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. చెమటలు, వణుకు, గుండె దడ. మీటరులో 58. అంటే 70 కిందికి దిగిపోయింది, లో షుగర్. యాప్ తెరిస్తే "కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేసుకోండి" అంది. చేసుకున్నాక ఓటీపీ. వణికే వేళ్ళతో ఆరంకెలు కొట్టి 58 ఎక్కిస్తే, భోజనానికి ముందా, తర్వాతా? ఈపూట మీ మూడ్ ఎలా ఉంది? చివర్న, మా యాప్‌కి ఎన్ని చుక్కలిస్తారు? చుక్కలు ఆయనకి అప్పటికే కనిపిస్తున్నాయి. ఈలోగా ఆయన భార్య వంటింట్లోకి పరుగెత్తి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది, పావుగంటాగి మళ్ళీ పరీక్ష చేసింది. ఆ ఇంట్లో యూజర్‌ని పట్టించుకున్నది ఆవిడొక్కతే.

డాన్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్ 1986లోనే ఈ యూజర్ కేంద్రిత డిజైన్ మీద పుస్తకం తెచ్చారు. ఐఎస్ఓ 9241-210 అని ప్రమాణం కూడా ఉంది. వాడేదెవరో, ఎక్కడ, ఏ స్థితిలో వాడతారో ముందు తెలుసుకోవాలి, వాళ్ళ చేతే వాడించి చూసి దిద్దుకోవాలి అంటుంది. మనవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తారు, పక్క సీటు కుర్రాడి చేత వాడించి.

డిజైనరు బాబులూ, ఒక సోమవారం పొద్దున ఏదైనా ప్రభుత్వాసుపత్రి ఓపీ వరసలో నిలబడి చూడండి. పెద్ద అంకెలు, సిరంజి మూత రంగు, ఓటీపీ అడగని లో షుగర్ మీట, అది నొక్కగానే ఇంట్లో ఇంకొకరికి మోగే ఫోను, ముందు ఇవి పెట్టండి. తర్వాత బ్యాడ్జీలు బస్తాలకొద్దీ పంచుకోండి, ఎవరూ కాదనరు.

ఆ రోజు వచ్చేదాకా, పాఠకులారా, ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు గానీ వాడే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళ మంచం పక్కన ఫోను ఉన్నా లేకపోయినా ఓ చిన్న డబ్బాలో పంచదార ఉంచండి.