ఇంజిన్ కంటే ముందు తలుపు పట్టీ

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని ఇంటికి తెచ్చుకున్న ఎవరైనా మొదట చేసే పని వెనక మూత ఎత్తి ఇంజిన్‌లోకి తొంగి చూడటం. ఆ మూత దించేయండి. ముందుకొచ్చి డ్రైవర్ తలుపు తెరవండి. ఆగాల్సిన చోట ఆగకుండా వెళ్లి బాడీ రేకుకి టక్కున తగిలిందా? అయితే మీ మొదటి ఖర్చూ, మొదటి ఆదివారమూ ఆ తలుపుకే. కార్బురేటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బ్రేకులు వదిలేసి తలుపేంటి అని అందరూ అడ్డు తగులుతారు. రోడ్డెక్కే రోజుకి బ్రేకులు సరిగ్గా ఉండాల్సిందే, అందులో వాదన లేదు. కానీ బాగుచేద్దామని కొన్న పాత కారు నెలల తరబడి షెడ్డు దాటదు. కదలని కారుకి బ్రేకుల వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. తలుపు మాత్రం రోజూ తెరుచుకుంటూనే ఉంటుంది. చుట్టాలొస్తారు, పక్కింటి పిల్లలొస్తారు, ఒక్కసారి కూర్చుంటామంటారు. ఆగి ఉన్న కారు పాడయ్యేది ఇలాగే. అందుకే తలుపుని ఆపే పట్టీ మార్చేదాకా ఆ తలుపు మీద మీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడనివ్వకండి. బావగారు నొచ్చుకున్నా సరే, కారు చూపించండి కానీ ఎక్కించకండి.

బీటిల్‌కి ఉన్నవి రెండే తలుపులు. వెనక సీటుకీ అవే దారి. అందుకే అవి పొడుగ్గా ఉంటాయి, వెనక కూర్చునేవాళ్లు ఎక్కిన ప్రతిసారీ బార్లా తెరవాల్సి వస్తుంది. ఇంత తలుపునీ ఆపేది ముందువైపు, బందుల దగ్గర ఉండే చిన్న ఉక్కు పట్టీ. దాని ఒక కొస ముందు స్తంభం మీదున్న బ్రాకెట్‌కి పిన్నుతో బిగించి ఉంటుంది. రెండో కొస తలుపు అంచులోని సందు గుండా లోపలికి పోతుంది, అక్కడ రబ్బరు దాన్ని ఆపుతుంది. తలుపు చివర గాలి తోసినా, మనిషి వాలినా, ఆ బలమంతా బందుల పక్కనున్న ఈ పట్టీ మీద ఎన్నో రెట్లై పడుతుంది.

అరిగిన పట్టీని ఒకసారి బయటికి తీసి చూడండి. పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది. పిన్ను నడుము దగ్గర సన్నబడి, గోరు పెడితే గాడి తగులుతుంది. రబ్బరు ఉంటే నల్లటి పొడిగా రాలుతుంది, చాలాసార్లు అదీ ఉండదు. ఈ మూడూ కలిసి తలుపుని ఇంకొంచెం ముందుకి వదులుతాయి. ఆ కొంచెంతోనే తలుపు అంచు వెళ్లి బాడీని కొడుతుంది. మడ్‌గార్డ్ నలిగితే బోల్టులు విప్పి కొత్తది బిగించుకోవచ్చు, బీటిల్‌లో ఆ సుఖం ఉంది. తలుపు కొట్టేది మడ్‌గార్డ్‌ని కాదు, దాని వెనకున్న బాడీ రేకుని. అది నలిగితే టింకరింగ్, పుట్టీ, పెయింట్, ఆ పెయింట్ పగిలిన చోట తుప్పు. మంచి పెయింట్ వేయించి పట్టీని వదిలేసినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పార్టు దొరకదు, తాడు కట్టుకోమని చెప్పేవాళ్లుంటారు. వినకండి. మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జులై 30న చివరి బీటిల్ బయటికొచ్చేనాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇన్ని కార్లకి తలుపు పట్టీ దొరక్కుండా పోదు. తాడైనా, పాత సీటు బెల్టు ముక్కైనా తలుపుని మెల్లగా ఆపవు, ఒక్క కుదుపుతో ఆపుతాయి. పైగా వాటిని బిగించడానికి కొట్టిన రంధ్రంలోంచి నీళ్లు దిగుతాయి. పిన్ను ఊడకుండా వెల్డింగ్ పెట్టేస్తామనేవాళ్లని అసలు కారు దగ్గరికే రానివ్వకండి. రేపు పట్టీ మార్చాలంటే బ్రాకెట్టే కోయాలి.

కొనేటప్పుడు రెండు వైపులకీ కొనండి. కుడిది బాగానే ఉందిగా అనకండి, ఒక తలుపు బిగువుగా, ఇంకోటి వదులుగా ఉన్న కారు నాకు సగం బాగుచేసిన కారే. ఏళ్లని బట్టి ఆకారం మారుతుంది కాబట్టి పాతది పక్కన పెట్టి పొడవూ, రంధ్రాలూ సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తండి. లొడలొడమంటూ లేచిందంటే మడత బందుల పిన్నులు అరిగాయని అర్థం. వాటి పని ముందు కానివ్వండి, లేకపోతే జారిన తలుపు కొత్త పట్టీని వంకరగా లాగి తినేస్తుంది. బందుల మీద చిన్న ప్లాస్టిక్ బిరడాలుంటాయి. గుండీ అంత కూడా ఉండవు, పెయింట్ కింద పడి కనిపించవు. వాటిని తీస్తే నూనె పోసే రంధ్రం బయటపడుతుంది. ఇంజిన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, తలుపు మెల్లగా ఆడిస్తే మురికి నల్లగా కిందికి కారుతుంది. శుభ్రమైన నూనె వచ్చేదాకా వేస్తూనే ఉండండి.

ఇక పట్టీ పని. అద్దం తిప్పే పిడి, లోపలి గడియ పిడి విప్పి, లోపలి అట్టని క్లిప్పుల దగ్గరే పలచటి రేకు ముక్క పెట్టి లేపండి, మధ్యలో లాగితే విరుగుతుంది. పిన్ను తీశాక తలుపుని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ముందే బందుల సందులో పాత బొంత మడిచి పెట్టి, తలుపు పట్టుకోవడానికి ఒక మనిషిని నిలబెట్టండి. ఫోన్ చూసే మనిషి వద్దు. పిన్ను కింది కొస నలగ్గొట్టి ఉంటే ఆకురాయితో అరగదీసి, కింది నుంచి పైకి పంచ్ పెట్టి కొట్టండి. తలుపు ముందంచున ఉన్న బోల్టులు విప్పితే పట్టీ తలుపు లోపలి నుంచి బయటికొస్తుంది. కొత్తది అదే దారిలో ఎక్కించండి. ఉక్కు రాసుకునే చోట గ్రీజు, రబ్బరుకి మాత్రం సిలికాన్.

స్తంభం మీది బ్రాకెట్టే చిరిగి ఉంటే అది మీ చేతి పని కాదు, టింకరింగ్ మనిషిని పిలవండి. బీటిల్ పెట్రోల్ ట్యాంకు ముందు బానెట్ కిందే ఉంటుంది, వెల్డింగ్ రవ్వలకి అతి దగ్గర. ట్యాంకు బయటికి తీయించి, వెనక సీటు కిందున్న బ్యాటరీ వైరు విప్పించి, ఆ తర్వాతే గన్ పట్టుకోనివ్వండి. తొందరగా అయిపోతుంది, ట్యాంకు ఎందుకు అనే మనిషైతే డబ్బులిచ్చి పంపేయండి.

బిగించాక తలుపు విసరకండి. చేత్తో పట్టుకుని చివరిదాకా తీసుకెళ్లి, అంచుకీ బాడీకీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూడండి. దూరకపోతే ఆ కారుకి అది తప్పు పట్టీ, ఆ రోజే విప్పి మార్పించుకోండి. దూరితే లోపలి అట్ట బిగించేసి రెండో వైపు మొదలుపెట్టండి, ఇంజిన్ మూత ఇంకా ఎత్తొద్దు. తలుపు వేసేటప్పుడు అద్దం కొంచెం దించి వేయండి. బీటిల్ క్యాబిన్‌లోంచి గాలి తప్పించుకునే సందు తక్కువ, అద్దాలన్నీ మూసుంటే గట్టిగా కొట్టి వేయాల్సి వస్తుంది.